730 రోజులు నిండని కెనడా పీఆర్: కార్డు గడువు ఉండగానే తేల్చుకోవాల్సిన లెక్క

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు తెలుగు ఇళ్లలో కెనడా పీఆర్ (శాశ్వత నివాస హోదా) కార్డును బీరువాలో పెట్టుకున్నవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. కెనడా పాయింట్ల పద్ధతి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పిలుపు వచ్చింది. రెండు వారాల సెలవు పెట్టి టొరంటోలోనో వాంకూవర్‌లోనో దిగారు, అక్కడ ఉద్యోగానికి కావాల్సిన సిన్ నంబరు తీసుకున్నారు, బ్యాంకు ఖాతా తెరిచారు, తెలిసినవాళ్ల చిరునామా ఇచ్చి తిరుగు విమానం ఎక్కారు. కార్డును కెనడా చిరునామాకే పంపుతారు గనుక అది ఆ ఇంటికి చేరింది. సంక్రాంతికి ఎవరో వస్తూ తెచ్చి ఇచ్చారు. మనవాళ్లు దీన్ని సాఫ్ట్ ల్యాండింగ్ అంటారు. ఆ తర్వాత ఇక్కడ ప్రమోషన్ వచ్చింది, ఫ్లాటుకు లోను తీసుకున్నారు, నాన్నగారికి బైపాస్ అయింది, పాప ఒకటో తరగతిలో చేరింది. నాలుగో ఏడు నడుస్తుండగా ఓ రాత్రి కార్డు తీసి చూస్తే గడువు ఏడాదికి కాస్త ఎక్కువ మిగిలింది. భార్యాభర్తల మధ్య ప్రశ్న అప్పుడు మొదలవుతుంది: మన పీఆర్ ఇంకా ఉన్నట్టా, పోయినట్టా?

ఉన్నట్టే. ఐదేళ్లలో 730 రోజులు కెనడాలో ఉండాలన్న షరతుకు రోజులు తగ్గినంత మాత్రాన పీఆర్ దానంతటది రద్దు కాదు. కార్డు మీది తేదీ దాటినా రద్దు కాదు. కెనడా ఇమ్మిగ్రేషన్ చట్టం 46వ సెక్షన్ పీఆర్ ఏయే దారుల్లో పోతుందో చెబుతుంది. వాటిలో మనకు పనికొచ్చేవి నాలుగు. పౌరసత్వం వస్తే పోతుంది. మనంతట మనం రాసిచ్చి వదులుకుంటే, దాన్ని అధికారి ఆమోదిస్తే పోతుంది. దేశం విడిచి వెళ్లాలన్న ఉత్తర్వు అమల్లోకి వస్తే పోతుంది. మనం కెనడా బయట ఉండగా ‘నివాస షరతు తీర్చలేదు’ అని అధికారి ఇచ్చిన నిర్ణయం అంతిమమైతే పోతుంది. అంటే ఎవరో ఒక అధికారి మన ఫైలు తెరిచి, చూసి, తేల్చాలి. దాని మీద అప్పీలు గడువైనా అయిపోవాలి, అప్పీలైనా ఓడిపోవాలి.

అందుకే రోజులు తగ్గినవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది ఆ పరీక్ష ఎక్కడ జరగాలి, ఎప్పుడు జరగాలి, అప్పటికి చేతిలో ఏ కాగితాలుండాలి అనే మూడు విషయాలు. కార్డు గడువు ఉన్నంతకాలం ఈ మూడూ చాలావరకు మన చేతిలోనే ఉంటాయి. గడువు దాటిన మర్నాటి నుంచి మొదటిది చేజారుతుంది, దాని వెనకే మిగతా రెండూ. ‘ఎలాగూ రోజులు తగ్గాయి కదా, కార్డు అయిపోయాక చూద్దాం’ అని కూర్చునేవాళ్లు అందరికంటే ఎక్కువ నష్టపోతారు.

రోజుల లెక్క, దాని మెలికలు

28వ సెక్షన్ ప్రకారం ప్రతి ఐదేళ్లలో 730 రోజులు కెనడా నేల మీద ఉండాలి. వరుసగా ఉండనక్కర్లేదు. రోజులో కాసేపు ఉన్నా పూర్తి రోజే, కాబట్టి దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ లెక్కకు వస్తాయి. పౌరసత్వానికి అడిగే 1,095 రోజులకూ దీనికీ సంబంధం లేదు. ఆ రెంటినీ కలిపేసి బెంబేలెత్తేవాళ్లున్నారు.

ఐదేళ్లు మొదలయ్యేది పీఆర్ అయిన రోజు నుంచి. కార్డు మీద అచ్చయిన తేదీతో పని లేదు. కార్డు ల్యాండింగ్ తర్వాత కొన్ని వారాలకో నెలలకో తయారవుతుంది. అందుకే దాని గడువు అసలు ఐదేళ్లు దాటాక ముగుస్తుంది. కార్డు చూసి రోజులు లెక్కేసుకునేవాళ్లు అక్కడే ఒకటి రెండు నెలలు మోసపోతారు.

ఒక లెక్క వేసి చూద్దాం. 2021 జూన్ 14న దిగి పీఆర్ అయినవారు జూన్ 23న వెనక్కి వచ్చేశారనుకోండి. చేతిలో పది రోజులు. వారి మొదటి ఐదేళ్లు 2026 జూన్ 13తో ముగుస్తాయి. మిగతా 720 రోజులు నిండాలంటే ఆలస్యంలో ఆలస్యంగా 2024 జూన్ 24 నాటికి కెనడాలో ఉండి, ఆపైన ఒక్క రోజు కూడా బయటికి కదలకూడదు. ఆ తేదీ దాటిన క్షణం నుంచి షరతు తీర్చడం వీలుపడదు. ఐదేళ్లు నిండనివాళ్ల విషయంలో అధికారి చూసేది ‘మిగిలిన కాలంలో 730 అందుకోగలరా’ అని. అందుకోలేరని లెక్క తేలితే ఐదేళ్లు నిండేదాకా ఆగక్కర్లేదు, మూడేళ్లకే షరతు తప్పినట్టు తేల్చవచ్చు. ‘ఐదేళ్లు టైముంది కదా’ అనే మాటలో లోపం ఇదే. ఉన్నది మూడేళ్లు.

అదే వ్యక్తి 2025 మార్చి 1న వెళ్లి అక్కడే ఉండిపోతే ఐదేళ్లు ముగిసేనాటికి 480 రోజులు ఉంటాయి, 250 తగ్గుతాయి. అయితే ఐదేళ్లు దాటాక లెక్క మారుతుంది. అప్పటినుంచి అధికారి ఏ రోజున చూస్తే ఆ రోజు నుంచి వెనక్కి ఐదేళ్లు లెక్కపెడతారు. ఆయన కదలకుండా ఉంటే 2027 ఫిబ్రవరి 28న 730 నిండుతాయి. పాత పది రోజులు ఐదేళ్ల చట్రంలోంచి జారిపోయినా, షరతు మళ్లీ తీరినట్టే. ఆ మధ్య ఏ అధికారీ ఆయన మీద రిపోర్టు రాయకపోతే పీఆర్‌కు మచ్చ లేదు. ‘పీఆర్ పోయిందనుకున్నాం, మళ్లీ నిలబడింది’ అనే మాటల వెనక ఉన్నది ఈ జారే లెక్కే.

కెనడా బయట గడిపినా లెక్కకొచ్చే రోజులు కొన్ని ఉన్నాయి, బెంగళూరులో ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. కెనడా పౌరులైన భర్తతోనో భార్యతోనో కలిసి బయట కాపురముంటే ఆ రోజులు మామూలుగా లెక్కకొస్తాయి, అయితే ఎవరి వెంట ఎవరు వెళ్లారన్న ప్రశ్న కొన్ని ఫైళ్లలో వస్తుంది. చిన్నపిల్లలకైతే పౌరులైన తల్లి లేదా తండ్రితో ఉన్న రోజులు వస్తాయి. దీన్ని తిరగేసి వాడుకోలేం. పాప కెనడాలో పుట్టి అక్కడి పౌరురాలైనంత మాత్రాన, ఆమెతో మీరు సర్జాపూర్ రోడ్డులో ఉన్న రోజులు మీ ఖాతాలో పడవు. భర్త టొరంటోలో 730 రోజులు ఉద్యోగం చేశారని, ఇక్కడ పిల్లలతో ఉండిపోయిన భార్యకు ఒక్క రోజు కూడా కలవదు. ఎవరి లెక్క వారిదే.

మూడోది ఉద్యోగం. కెనడా కంపెనీ మనల్ని పూర్తికాలపు పని మీద బయటికి పంపితే ఆ రోజులు లెక్కకొస్తాయి. ‘మాది కెనడా బ్యాంకు కంపెనీయే, ఔటర్ రింగ్ రోడ్డులో ఆఫీసు’ అని ధీమాగా ఉండేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. కెనడాలో ఉద్యోగంలో ఉన్నవాళ్లను అక్కడినుంచి ఇక్కడికి నియమించి పంపాలి. ఆ నియామకం తాత్కాలికమై ఉండాలి, పని ముగిశాక అక్కడి కొలువుకు తిరిగి వెళ్లేలా ఉండాలి. బెంగళూరులోనే చేర్చుకున్న ఉద్యోగం, బెంగళూరు జీతం స్లిప్పు, ఇక్కడి పీఎఫ్ ఉంటే ఆ మినహాయింపు వర్తించదు. టొరంటో కంపెనీకి ఇంట్లో కూర్చుని కాంట్రాక్టు పని చేసినా అంతే. ఈ లెక్క కోసమే కెనడాలో ఒక కాగితపు కంపెనీ రిజిస్టరు చేయించే సలహా కూడా తిరుగుతోంది. నివాస షరతు తప్పించుకోవడానికే పెట్టిన సంస్థ చెల్లదని నిబంధనల్లో సూటిగా రాసి ఉంది.

కౌంటరు దగ్గర తేలడం వేరు, బెంగళూరులో తేలడం వేరు

కార్డు గడువు ఉంటే కెంపేగౌడ విమానాశ్రయంలో చెక్-ఇన్ దగ్గర విమాన సంస్థ చూసేది ఆ కార్డునే. రోజులు ఎన్నున్నాయో వాళ్లు లెక్కించరు. పరీక్ష అవతలి ఒడ్డున, సరిహద్దు సంస్థ సీబీఎస్‌ఏ అధికారి ముందు జరుగుతుంది. పీఆర్ ఉన్న మనిషికి కెనడాలోకి వచ్చే హక్కు 27వ సెక్షన్ ఇచ్చింది. రోజులు తగ్గాయని గేటు దగ్గర్నుంచి వెనక్కి పంపే అధికారం ఆ అధికారికి లేదు. ఆయన ముందున్న దారులు మూడు. ఏమీ అనకుండానో హెచ్చరించో పంపవచ్చు. కారణాలు విని, మానవతా దృష్టితో షరతు సడలించి పంపవచ్చు. లేదా 44వ సెక్షన్ కింద రిపోర్టు రాయవచ్చు. రిపోర్టును మరో అధికారి సమీక్షించి ఒప్పుకుంటే దేశం విడిచి వెళ్లాలన్న ఉత్తర్వు చేతికిస్తారు. అప్పటికీ మనిషి లోపలికి వెళతాడు. 30 రోజుల్లో అప్పీలు వేసుకోవచ్చు, అది తేలేదాకా పీఆర్‌గానే ఉంటాడు, ఉద్యోగం చేసుకోవచ్చు, ఏడాది గడువున్న కార్డు కూడా అడగవచ్చు.

ఇరవై గంటల ప్రయాణం తర్వాత, పిల్లలు భుజాల మీద నిద్రపోతుంటే, అదనపు తనిఖీకి తీసుకెళ్లే రెండో గదిలో జరిగే సంభాషణ ఇది. అధికారి పాస్‌పోర్టు పేజీలు తిప్పుతూ చివరిసారి కెనడా నుంచి ఎప్పుడు వెళ్లారు, ఇన్నాళ్లు ఎక్కడున్నారు, ఎందుకు రాలేదు, ఇప్పుడు ఎన్నాళ్లుంటారు అని అడుగుతారు. తారీఖులతో, ఉన్నదున్నట్టు చెప్పాలి. తిరుగు టికెట్టు మూడు వారాలకు ఉండి ‘ఇక ఇక్కడే స్థిరపడతాం’ అంటే ఎవరూ నమ్మరు. చేతిలో ఉద్యోగం ఆఫరో, అద్దె ఒప్పందమో, పిల్లల బడి టీసీలో, ఇక్కడి రాజీనామా ఆమోద పత్రమో ఉంటే మాటకు బలం వస్తుంది. ఆ అలసటలో పీఆర్ వదులుకునే కాగితం కూడా ముందుకు రావచ్చు, సంతకం పెడితే సందర్శకులుగా ఉండవచ్చన్న వివరణతో. వదులుకునే ఉద్దేశంతో వచ్చినవారికి అది సరైన దారి. ఉండడానికి వచ్చినవారు ఆ కాగితం మీద సంతకం పెట్టకూడదు. రిపోర్టు మీద అప్పీలుంది. సొంత సంతకంతో వదులుకున్నదాని మీద పోరాడడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఇప్పుడు కార్డు గడువు తీరిపోయి బెంగళూరులో ఉన్నవారి సంగతి. కెనడా బయట ఉండి చేతిలో చెల్లే కార్డు లేని మనిషికి పీఆర్ లేదనే చట్టం మొదట అనుకుంటుంది. ఉందని నిరూపించుకోవాల్సింది మనం. అందుకు పీఆర్ ట్రావెల్ డాక్యుమెంటు అడగాలి: ఐఎంఎం 5524 ఫారం, 50 కెనడా డాలర్ల ఫీజు, ఫొటోలు, ఐదేళ్లలో వాడిన అన్ని పాస్‌పోర్టుల ప్రతి పేజీ నకలు, రోజుల ఆధారాలు, తగ్గితే కారణాలు. ఆన్‌లైన్‌లో వేయవచ్చు. 2023 అక్టోబరులో దౌత్యవేత్తలను వెనక్కి పిలిచాక బెంగళూరు కెనడా కాన్సులేట్‌లో నేరుగా వెళ్లి మాట్లాడే సేవలు ఆగిపోయాయి. దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రాలు మాత్రం ఆగలేదు. అయినా అక్కడ కౌంటరులో కూర్చున్నవారు కాగితాలు తీసుకునేవాళ్లే. నిర్ణయంలో వాళ్ల పాత్ర ఏమీ లేదు. ఎంత మంచిగా మాట్లాడినా, వాళ్లిచ్చిన భరోసా ఫైలు దాకా వెళ్లదు.

ఈ దరఖాస్తు వేయడమంటే మన లెక్క తేల్చమని మనమే అడగడం. తిరస్కరిస్తే 60 రోజుల్లో అప్పీలు వేయాలి. వేయకపోతే పీఆర్ పోయినట్టే. వేసినా, అది తేలేదాకా ఎక్కువమంది ఇక్కడే ఉండాలి. తిరస్కరణకు ముందు 365 రోజుల్లో ఒక్కసారైనా కెనడాలో అడుగుపెట్టి ఉంటే, అప్పీలు వేసినవారికి వెళ్లడానికి ట్రావెల్ డాక్యుమెంటు ఇవ్వాల్సిందే. పెట్టకపోతే ఆ హక్కు లేదు. కేసు ఒకటే అయినా, అవతలి కౌంటరు దగ్గర తేలితే కెనడాలో ఉద్యోగం చేసుకుంటూ అప్పీలు నడపవచ్చు. ఇక్కడ తేలితే బెంగళూరు నుంచి వీడియోలో వాదించాలి, ఈలోగా అక్కడ వేళ్లూనుకోవడానికి వీల్లేదు. గడువున్న కార్డు విలువ ఈ తేడాలోనే ఉంది.

మరో దారి అమెరికా వీసా ఉన్నవారికి. కార్డు లేని పీఆర్ అమెరికా మీదుగా వెళ్లి సొంత కారులోనో అద్దె కారులోనో సరిహద్దు దాటవచ్చని కెనడా ప్రభుత్వమే చెబుతోంది. బస్సు, రైలు, విమానం కుదరదు. పాత ల్యాండింగ్ పత్రం, పాస్‌పోర్టు, గడువు తీరిన కార్డు వెంట ఉండాలి. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. సరిహద్దు అధికారి ప్రశ్నలు మాత్రం విమానాశ్రయంలో లాగే ఉంటాయి.

కారణం నిజమైతే సరిపోదు

28వ సెక్షన్‌లోనే మానవతా కారణాల వెసులుబాటు ఉంది. ఎన్ని రోజులు తగ్గాయి, కెనడా ఎందుకు వదిలారు, బయట ఎందుకు ఉండిపోయారు, వీలు చిక్కగానే తిరిగి రావడానికి ప్రయత్నించారా, అక్కడ ఏం బంధాలున్నాయి, పీఆర్ పోతే ఎవరికి ఎంత కష్టం, ఇందులో చిక్కుకున్న పిల్లల మేలు ఏమిటి. అధికారులూ అప్పీలు విభాగమూ తూచేవి ఇవే. ఎంత ఎక్కువ రోజులు తగ్గితే కారణానికి అంత ఎక్కువ బరువు కావాలి. 40 రోజులు తగ్గినవారికి సరిపోయే కారణం 600 తగ్గినవారికి సరిపోదు.

మన ఫైళ్లు ఎక్కువగా ఎక్కడ కూలిపోతాయో ఒకటి దగ్గర్నుంచి చూద్దాం. కారణం నిజమే: తండ్రికి బైపాస్, ఒక్కగానొక్క కొడుకు. ఫైలులో బెంగళూరు ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ ఒకటి ఉంటుంది. చేరిన తేదీ, ఆపరేషన్ తేదీ, ఇంటికి పంపిన తేదీ, కింద ‘ఆరు వారాలు విశ్రాంతి, తర్వాత రివ్యూ’. అడుగుతున్నదేమో మూడేళ్ల గైర్హాజరుకు మాఫీ. అధికారి ఆ ఆరు వారాలనే చూస్తారు. మిగతా వెయ్యి రోజులకు ఫైలులో ఏమీ లేదు. పైగా ఆ వెయ్యి రోజుల్లో మూడేళ్ల ఫారం 16లు, కొత్త ఫ్లాటు రిజిస్ట్రేషను, ఆఫీసు పని మీద సింగపూర్ ముద్రలు ఉంటాయి. సింగపూర్ వెళ్లగలిగినవారు టొరంటో ఎందుకు వెళ్లలేకపోయారు అన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

ఒక్కడే కొడుకు అంటే ఏమిటో మనకు వివరించక్కర్లేదు. ఒట్టావాలో ఫైలు చూసే మనిషికి వివరించాలి. అక్కచెల్లెళ్లు ఎక్కడున్నారు, వాళ్లు ఎందుకు చూసుకోలేరు, మనిషిని పెట్టుకోవడం ఎందుకు కుదరలేదు, అమ్మ ఒక్కతే ఎందుకు సరిపోలేదు అన్నవి అధికారి మనసులో లేచే మామూలు ప్రశ్నలు. వాటికి జవాబులు కాగితం మీదే ఉండాలి. నాడకచేరిలో (కర్ణాటక రెవెన్యూ కార్యాలయంలో) ఇచ్చే వంశవృక్షం పిల్లలెంతమందో చూపిస్తుంది. ప్రతి రివ్యూ చీటీ, డయాలసిస్ అయితే వారంవారం బిల్లులు, ఫిజియోథెరపీ రసీదులు ఆ వెయ్యి రోజుల్లోని ఖాళీలను పూడుస్తాయి. డాక్టరు ఇచ్చే లేఖ ‘బంధువు దగ్గర ఉండటం మంచిది’ అని ఊరుకుంటే చాలదు. ఏ పనులకు మనిషి అవసరం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అవసరం, ఇప్పుడు పరిస్థితి ఏమిటో చెప్పాలి. ఆఖరిది చాలామంది మరిచిపోతారు. నాన్నగారికి ఇప్పటికీ అదే అవసరముంటే మీరిప్పుడు ఎలా వెళుతున్నారు అని అడుగుతారు. తమ్ముడు బదిలీ మీద వచ్చాడనో, మనిషి కుదిరిందనో, నాన్నగారు పోయారనో మారిన సంగతి స్పష్టంగా ఉండాలి. పోయిన తర్వాత ఎన్ని నెలలకు బయల్దేరారన్నదీ చూస్తారు. కర్మలు, ఆస్తి కాగితాలు, అమ్మను సర్దిపెట్టడం అంటూ నాలుగు నెలలు పట్టడం అర్థమవుతుంది. ఏడాదిన్నర అంటే కాదు.

కన్నడలోనో తెలుగులోనో ఉన్న పత్రాలకు ఇంగ్లీషు లేదా ఫ్రెంచి అనువాదం, అనువాదకుల అఫిడవిట్, మూలం నకలు మూడూ పెట్టాలి. ఇంట్లోవాళ్లు అనువదిస్తే చెల్లదు.

కొన్ని కారణాలు నిజమైనా బరువు తక్కువ. ఇక్కడ జీతం బాగుంది, అక్కడ మార్కెట్ బాగోలేదు, లోను తీరలేదు అన్నవి మనం ఎంచుకున్న దారులుగానే కనిపిస్తాయి. రెండు వారాలే ఉండి ఒక్క ఇంటర్వ్యూకూ వెళ్లనివారు ‘ఉద్యోగం దొరకలేదు’ అంటే వినేవారుండరు. కోవిడ్‌ను అందరూ రాస్తారు. భారత్ నుంచి నేరుగా వచ్చే విమానాలను కెనడా ఆపింది 2021 ఏప్రిల్ 22 నుంచి సెప్టెంబరు చివరిదాకా. పీఆర్‌లకు ప్రవేశం మాత్రం ఆ కాలంలోనూ మూసుకోలేదు. ఆ నెలల్లో రద్దయిన టికెట్టు, తిరిగొచ్చిన డబ్బు మెసేజి ఉంటే ఆ నెలలకు పనికొస్తాయి. 2022, 2023లకు పనికిరావు.

పిల్లల విషయం వేరు. చిన్నప్పుడు పీఆర్ వచ్చి, తల్లిదండ్రులు వెనక్కి తెచ్చేస్తే అది వారి ఎంపిక కాదు. దాన్ని అధికారులు పట్టించుకుంటారు, పెద్దవాడైన వెంటనే తిరిగి వెళ్లే ప్రయత్నం చేస్తే మరీ.

లోపలికి వెళ్లాక

ఏ రిపోర్టూ లేకుండా లోపలికి వెళ్లినవారు 730 నిండేదాకా కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టకపోవడం మేలు. ఐఎంఎం 5444 ఫారంలో ఐదేళ్ల ప్రయాణాలు రాయాల్సిందే, రాస్తే లెక్క తేలుతుంది. కార్డు లేకపోయినా కెనడాలో ఉండటానికి, పని చేయడానికి అడ్డు లేదు. అసలు కష్టం బయటికి వెళ్లలేకపోవడం. ఆ రెండేళ్లలో ఊళ్లో అమ్మకు బాగోలేదని ఫోను వస్తే, వెళ్లి వచ్చేటప్పుడు మళ్లీ అదే కౌంటరు ముందు నిలబడాలి, ఈసారి కార్డు కూడా ఉండకపోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం ఎలా ఉందో చూసుకుని, ఈ రెండేళ్లు కదలకుండా ఉండగలమా అని మనసువిప్పి మాట్లాడుకున్నాకే బయల్దేరాలి.

రిపోర్టు రాసినవారికి ఒక మెలిక ఉంది. రిపోర్టు రాసిన రోజు తర్వాత కెనడాలో గడిపిన రోజులు ఆ కేసులో లెక్కకు రావు, చివరికి షరతు తీరినట్టే తేలితే తప్ప. అప్పీలు ఏడాది సాగితే ఏడాది కలిసొస్తుందనుకోవడం తప్పు. అయితే అప్పీలు విభాగం విచారణ నాటికి ఉన్న పరిస్థితులన్నీ చూస్తుంది. ఈలోగా సంపాదించిన ఉద్యోగం, పిల్లల బడి, అక్కడి జీవితం మానవతా కారణాల కింద పనికొస్తాయి. అప్పీలు వేయకుండా 30 రోజులు దాటనిస్తే మాత్రం ఉత్తర్వు అమల్లోకి వస్తుంది. ఆపైన 30 రోజుల్లో వెళ్లి, వెళ్లినట్టు నమోదు చేయించుకోకపోతే అది బహిష్కరణ ఉత్తర్వుగా మారుతుంది. మళ్లీ రావాలంటే ప్రత్యేక అనుమతి కావాలి.

రోజులను దాచడం గురించి ఒక మాట. ‘మా మనిషి చూసుకుంటాడు, అక్కడ అద్దె ఒప్పందం, జీతం స్లిప్పులు ఇప్పిస్తాం’ అనే ఏజెంట్లు బెంగళూరులో ఉన్నారు. 2020 నుంచి విమానంలో కెనడా విడిచి వెళ్లేవారి వివరాలు కూడా సీబీఎస్‌ఏకు చేరుతున్నాయి. ముద్ర లేదు కాబట్టి తెలియదనుకునే రోజులు పోయాయి. వాంకూవర్ ప్రాంతంలో పాస్‌పోర్టు ముద్రలు, చిరునామాలు సృష్టించి ఇలాంటి సేవ చేసిన ఒక కన్సల్టెంటుకు 2015లో ఏడేళ్ల జైలు పడింది. ఆయన దగ్గరికి వెళ్లిన వందలాది మంది పీఆర్‌లు, పౌరసత్వాలు చిక్కుల్లో పడ్డాయి. రోజులు తగ్గితే కారణం చెప్పుకునే అవకాశం ఉంటుంది. అబద్ధం చెప్పినట్టు తేలితే పీఆర్ పోవడమే కాక ఐదేళ్లు ప్రవేశం మూసుకుపోతుంది. డబ్బు తీసుకుని ఇలాంటి కేసు చూడగలిగేది కెనడా న్యాయవాదులు, లేదా అక్కడి ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్ల నియంత్రణ సంస్థ అయిన ‘కాలేజీ’లో నమోదైనవారు. పేరు చెప్పగానే ఆ కాలేజీ జాబితాలో వెతికి చూసుకోవచ్చు, ఐదు నిమిషాల పని.

సీబీఎస్‌ఏ దగ్గరున్న మన రాకపోకల చరిత్రను సమాచార హక్కు దరఖాస్తుతో తెప్పించుకోవచ్చు. ఏ ఫారం నింపే ముందైనా అది తెప్పించుకుని, పాస్‌పోర్టు ముద్రలతో, పాత టికెట్లతో సరిపోల్చాలి. రెండింటి మధ్య నాలుగు రోజుల తేడా ఉన్నా అది మనకే ముందు తెలియాలి.

వెళ్లే ఉద్దేశం నిజంగా లేనివారి విషయంలో ఒక అభిప్రాయం గట్టిగా చెప్పాలి. ఐఎంఎం 5782 నింపి పీఆర్‌ను మర్యాదగా వదులుకోవడం ఓటమి కాదు. ఆ తర్వాత అన్నయ్య ఇంట్లో పెళ్లికి సందర్శకుల వీసా మీద వెళ్లవచ్చు. వదులుకోకుండా వీసా అడిగితేనే చిక్కు: పీఆర్ ఉన్న మనిషికి తాత్కాలిక వీసా ఇవ్వరు.

ఆ చిక్కు పిల్లల దగ్గర మరీ గట్టిగా తగులుతుంది. నాలుగేళ్ల వయసులో పీఆర్ వచ్చి బెంగళూరులోనే పెరిగిన అబ్బాయి ఇంటర్ తర్వాత కెనడాలో చదువుకుంటానంటాడు. పీఆర్ ఎప్పుడో పోయిందనుకుని ఏజెంటు స్టడీ పర్మిట్‌కు వేస్తాడు. పీఆర్ ఇంకా నిలిచే ఉందని ఫైలులో కనబడి దరఖాస్తు ఆగిపోతుంది, సెప్టెంబరు తరగతులు దాటిపోతాయి. ఆ అబ్బాయికి రెండు దారులున్నాయి. పీఆర్ వదులుకుని విదేశీ విద్యార్థి ఫీజు కట్టడం ఒకటి. తనను తెచ్చేసింది తల్లిదండ్రులేనని, తనకు ఊహ తెలిసిన నాటి నుంచి వెళ్లాలనుందని చెప్పుకుని ట్రావెల్ డాక్యుమెంటు అడగడం రెండోది. అది మంజూరైతే అక్కడ స్థానిక విద్యార్థి ఫీజుతోనే చదవవచ్చు. అందుకు కాలేజీ దరఖాస్తు కంటే కనీసం ఏడాది ముందు, అంటే ఇంటర్ మొదటి సంవత్సరంలోనే, అతని పాత ల్యాండింగ్ పత్రం, చిన్ననాటి కార్డు, పాస్‌పోర్టులన్నీ బయటికి తీయాలి.